మేమంతా మెచ్చుకున్న నేమ్‌ప్లేటు

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఈ భూమ్మీద ఏదీ లేదు. ఇరవై రెండేళ్ల వయసు, కొత్తగా చేతికొచ్చిన పాలిటెక్నిక్ డిప్లొమా, ఇంకేం కావాలి? జుట్టు నెరిసేకొద్దీ తెలియనివి రోజుకొకటి బయటపడుతున్నాయి గానీ, అప్పట్లో సికింద్రాబాద్‌లో లోకల్ రైలెక్కి నాంపల్లిలో దిగి ఆబిడ్స్ దాకా నడుస్తుంటే ఊరంతా నన్నే చూస్తోందనుకునేదాన్ని. నేను పనిచేసే కొట్టు ఆబిడ్స్‌లో ఒక సందులో ఉండేది. రబ్బరు స్టాంపులు, ఇత్తడి సీళ్లు, నేమ్‌ప్లేట్లు చేసేవాళ్లం. నా ఉద్యోగం కౌంటర్లో కూర్చుని ఆర్డర్లు రాసుకోవడం, నా మనసు మాత్రం వెనక గదిలోని యంత్రం దగ్గర.

అదొక బల్లంత యంత్రం. కంప్యూటర్ చెప్పినట్టు మూడు మోటార్లు కదిలి, గిర్రున తిరిగే కట్టర్‌తో ప్లాస్టిక్ పలక మీద అక్షరాలు చెక్కేది. ఒకరోజు ఆ మోటార్లను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె కాస్త పొగ వదిలి ఊరుకుంది. ఆ మోడల్ చేయడం ఎప్పుడో మానేశామని అమ్మినవాళ్లు చేతులెత్తేశారు. మా సేఠ్ దాన్ని కబాడీకి, అంటే పాత ఇనుప సామాను కొనేవాడికి, వేస్తానన్నాడు. నా నోరు ఊరుకుంటుందా? మోటార్లు బాగానే ఉన్నాయి, కొత్త బోర్డులు పెట్టి నేను నడిపిస్తానన్నాను. సేఠ్ నన్ను ఎగాదిగా చూశాడు.

"శనివారం దాకా చూస్తనమ్మా. నడిచిందా, మిషిన్ మీద నువ్వే కూసో. నడవలేదా, మిషిన్ కబాడీకి, నువ్వు మళ్ల కౌంటర్‌కు. గంతే."

కోఠీలోని ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లన్నీ తిరిగి తిరిగి బోర్డులు ఏరుకొచ్చాను. ఇంటికి తీసుకెళ్లి బిగిస్తుంటే మా అమ్మ వాటి మీద చేయి పెట్టి ప్రార్థన చేసింది (సర్క్యూట్ బోర్డు కోసం కళ్లు మూసుకుని అంతసేపు ప్రార్థించిన మనిషి ఇంకొకరుంటారనుకోను). మోటార్ల వైర్లు రంగులు వెలిసిపోయి ఏది ఏదో తెలిసేది కాదు. వైర్లన్నీ యంత్రం వీపున ఉంటాయి కాబట్టి నేను నాలుగు రోజులూ వెనకే కూర్చుని, అక్కడి నుంచే కుడీ ఎడమా చూసుకుని, అంతా సరిగ్గా ఉందని తేల్చేశాను.

శనివారం మధ్యాహ్నం మొదటి పలక పెట్టాం. బషీర్‌బాగ్‌లో కొత్తగా దవాఖాన తెరుస్తున్న ఒక డాక్టరమ్మ నేమ్‌ప్లేటు అది, తెల్లారితే ప్రారంభం. కట్టర్ కదిలింది. పేరు, డిగ్రీలు, వేళలు, అన్నీ ముత్యాల్లా దిగాయి. మా ఉస్తాద్ చాచా, అంటే నలభై ఏళ్లుగా చేత్తో సీళ్లు చెక్కుతున్న పెద్దాయన, కళ్లద్దాలు సర్దుకుని అక్షరమక్షరం చదివి, తప్పు లేదు, షాబాష్ బిడ్డా అన్నాడు. సేఠ్ చదివాడు. నేను రెండుసార్లు చదివాను. సేఠ్ అప్పటికప్పుడు మొజంజాహీ మార్కెట్ నుంచి ఐస్‌క్రీమ్ తెప్పించాడు. నేనింక నేల మీద లేను.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. పలకను దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది, చివరికి తిప్పి కూడా చూసింది.

"ఇదేం భాషమ్మా?" అంది.

అప్పుడు వెలిగింది. ఉన్నదంతా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది! స్టాంపులూ సీళ్లూ కాగితం మీద తిన్నగా పడాలంటే తిరగేసి చెక్కాలి కదా, పొద్దున్నుంచి రాత్రి దాకా అవే చదివే మాకు తిరగబడిన రాతే తిన్నని రాత. ముగ్గురం చదివాం, ఒక్కరికీ అనుమానం రాలేదు. చాచా గడ్డం గోక్కున్నాడు. "ఉల్టా సదివి సదివి సీదా మర్చిపోయినం బిడ్డా," అన్నాడు మెల్లగా.

సేఠ్ ఫోను అందుకున్నాడు. కబాడీవాడికేనని అర్థమై నా పై ప్రాణాలు పైనే పోయాయి. పది నిమిషాలు ఆగమని ఆయన్ని బతిమాలి, డాక్టరమ్మను కూర్చోబెట్టి, యంత్రం వెనక్కి దూరాను. వెనక కూర్చుని నేను కుడి అనుకున్నది ముందు నుంచి చూస్తే ఎడమ మరి. అడ్డంగా నడిచే మోటారుకున్న నాలుగు వైర్లలో ఒక జతను అటుదిటు మార్చాను, అంతే. కొత్త పలక పెట్టి మళ్లీ చెక్కించాను. డాక్టరమ్మ దాన్ని అందుకుని తన పేరు పైకి చదివింది, మళ్లీ చదివింది, నవ్వింది. ఎవరు చేశారని అడిగింది. సేఠ్ ఫోను కింద పెట్టేశాడు.

"మా ఇంజినీరమ్మ," అన్నాడు.

ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో! ఆ రాత్రి రైల్లో సీటు దొరికినా కూర్చోలేదు.

ఇప్పుడు నాకు సొంత వర్క్‌షాపుంది, నాలుగు యంత్రాలున్నాయి. కొత్త బోర్డు ఎక్కించిన ప్రతిసారీ మొదటి పలక మాత్రం నేను చదవను, దారిన పోయేవాళ్లను పిలిచి చదివిస్తాను. మొన్న ఒక కూరగాయలాయన గడగడా చదివేసి, నా వంక జాలిగా చూశాడు. "గింత మంచిగ మిషిన్లు నడుపుతవ్, సదువు రాదా అక్కా?" అన్నాడు.

ఆ ఇరవై రెండేళ్ల పిల్లయితే గొడవ పెట్టుకునేది. నేను నవ్వేసి, "జర తక్కువనే అన్నా," అన్నాను.