మామ పుస్తకంలో మారిన జాగా

ఈ ఉదయం ఆఫీసులో మూడు రోజులుగా వేధిస్తున్న తప్పు దొరికింది. ఏ ప్రోగ్రాం మెమరీ ఎక్కడుందో రాసుకునే కెర్నెల్ పేజీ టేబుల్‌లో ఒక వరుస మార్చి, ప్రాసెసర్ గుర్తుపెట్టుకున్న పాత చిరునామాను చెరిపించడం మరిచాం. అందుకే ఒక ప్రోగ్రాం రాసింది వెళ్లి ఇంకో ప్రోగ్రాం జాగాలో పడుతోంది. ఎలా పట్టుకున్నావని పక్కవాళ్లు అడిగితే, మదనపల్లె టమోటా మార్కెట్ అని చెప్పలేక నవ్వి మళ్లీ స్క్రీన్ వైపు తిరిగాను.

కుప్పంలో ఇంజనీరింగ్ చివరి ఏడాది నాకు ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరు ఒక్కటే మిగిలిపోయింది. కూలికి పోయే మా ఇంట్లో మొదటి నెలజీతం ఉద్యోగం నాకు ఖాయమై ఉంది. ఆ పేపరు మళ్లీ పోతే అదీ పోతుంది. ప్రతి ప్రోగ్రామూ మెమరీ అంతా తనదేనని, సున్నా నుంచి మొదలవుతుందని నమ్మడం, అసలు చోటు మరెక్కడో ఉండటం ఎన్నిసార్లు చదివినా నాకు తలకెక్కలేదు. ఆ పరీక్షకు ముందు సెలవుల్లోనే, పుంగనూరు నుంచి రోజూ మొదటి బస్సుకు మదనపల్లె వచ్చి టమోటా మండీలో గుమాస్తాగా చేసే మా మేనమామ నన్ను తోడు రమ్మన్నాడు.

మామ పద్ధతిలో ప్రతి రైతు చీటీలోనూ టమోటా ట్రేల కుప్పలు ఒకటి నుంచే మొదలవుతాయి. ఆ ట్రేలు సిమెంటు నేల మీద గీసిన ఏ గడిలో ఉన్నాయో మాత్రం మామ పుస్తకానికే తెలుసు. తన కాయలన్నీ వరుసగా ఉన్నాయని రైతు అనుకుంటాడు. నిజానికి ఒక కుప్ప గేటు దగ్గర, ఇంకోటి షెడ్డు వెనక ఉంటాయి. జాగా చాలకపోతే కొన్ని వ్యానులోనే ఆగి, అడిగినప్పుడు దిగుతాయి. రెండో రోజుకే నాకు పాఠం మొత్తం అర్థమైంది.

ఆ ఉత్సాహంలో పుస్తకం చూడటం మానేశాను. గడులన్నీ తలలోనే ఉన్నాయి కదా. బి.కొత్తకోట పెద్దాయన రెండో కుప్ప పద్నాలుగో గడిలో ఉందని హమాలీలకు చెప్పాను. మామ అప్పటికే దాన్ని నీడకు జరిపించి, ఆ గడిని ఇంకో రైతుకిచ్చాడు. సగం ట్రేలు లారీ ఎక్కాక ఆ రైతు వచ్చి నిలబడ్డాడు.

"ఇంజనీరంట. ఎవురి కాయలు ఎవురివో తెలీనోడికి ఉద్యోగం యాడిస్తారప్పా?"

మామ ట్రేలన్నీ దింపించి నావైపు తిరిగాడు. "పుస్తకంలో మార్చినాక నీ తలకాయలో ఉండేది తుడిసేయాల గదప్పా. యాల తుడసలేదు?"

"మార్చినావని నాకు సెప్పలేదు గదా మామా."

ఆయన పుస్తకం నా ముందు పెట్టాడు. "అవునప్పా. తప్పు నాదే. మార్చినోడే అరిసి సెప్పాల."

ఆ రోజు నుంచి గడి మార్చినప్పుడల్లా మార్కెట్ అంతా వినబడేలా నన్ను పిలిచి చెప్పేవాడు. పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది, పేజీ టేబుల్ మార్చాక కెర్నెల్ బాధ్యత ఏమిటని. మామ మాటనే పుస్తక భాషలో రాశాను. పేపరూ పోలేదు, ఉద్యోగమూ పోలేదు. నాకు చదువు చెప్పినవాళ్ల జాబితా రాస్తే మొదటి వరుసలో ఉండేది, ఏడో తరగతి దాటని మామే.

ఇప్పుడు గడుల సంగతి ఫోన్లలో వస్తోందట. మోకాళ్లు సహకరించక మామ పుంగనూరులోనే ఉంటున్నాడు. మొన్న మదనపల్లె వెళ్లినప్పుడు కాళ్లు వాటంతటవే గేటు పక్కన ఆయన బల్ల ఉండే చోటికి నడిచాయి. అక్కడ తూకం యంత్రం ఉంది. జాగా మారిందని ఎవరూ అరిచి చెప్పలేదు. చెప్పినా, ఆ ఒక్కటీ నేను తుడిచేవాణ్ణి కాదు.