పాలు విరిగే ఇల్లు

సూర్యప్రకాశం విశాఖపట్నంలో ఒక పెద్ద హోటల్ బార్‌లో ఇరవై ఏళ్లపాటు మందు కలిపాడు. తను మాత్రం తాగేవాడు కాదు. చెంచా కొసన రెండు చుక్కలు నాలుక మీద వేసుకుని, పులుపు సరిపోయిందో లేదో చూసుకుని, నోరు పుక్కిలించి ఉమ్మేసేవాడు. రాజమండ్రిలో అత్తవారి వైపు వాళ్లందరికీ ఆయన హోటల్ మేనేజరని తెలుసు. భార్య సీతారామలక్ష్మికి అసలు సంగతి తెలుసు గానీ, ఎవరైనా అడిగితే ఆవిడా మేనేజరనే చెప్పేది.

తొంభై అయిదులో మద్యనిషేధం వచ్చి బార్ మూతపడింది. హోటల్ వాళ్లు బిల్లుల కౌంటర్‌లో కూర్చోమంటే ఆయనకి మనసొప్పలేదు. రాజమండ్రి వచ్చేసి, ఆర్యాపురంలో ఇల్లు అద్దెకి తీసుకుని, పెళ్లిళ్లకీ ఓణీల ఫంక్షన్లకీ షర్బత్తులు చేసిచ్చే పని పెట్టుకున్నాడు. రెండేళ్లకి నిషేధం సడలించారు. హోటల్ వాళ్లు ఆయన్ని మళ్లీ పిలవలేదు. కుర్రాళ్లని పెట్టుకున్నారని తెలిసింది.

షర్బత్తులు బాగానే అమ్ముడుపోయేవి. కానీ ఆయనకి బాగా వచ్చిన విద్య అది కాదు, మందులో కలిపే తేటరసం. హోటల్లో దాన్ని కార్డియల్ అనేవాళ్లు. దబ్బకాయ పైతొక్కని తెల్లపొర రాకుండా పల్చగా చెక్కి, పంచదారలో వేసి మెదిపి, ఒక పూట మూతపెట్టి ఉంచుతాడు. తొక్కలోని నూనె పంచదారలోకి దిగి, గది గదంతా వాసన వేస్తుంది. అందులో రసం పిండుతాడు. అప్పటికది మడ్డిగా, బురదనీళ్లలా ఉంటుంది. ఆ రసాన్ని గోరువెచ్చటి పాలల్లో పోస్తాడు. పాలు విరుగుతాయి. విరిగిన పాలని పల్చటి గుడ్డలో పోసి వేలాడదీస్తే మొదట తెల్లగా కారుతుంది. దాన్నే తీసి మళ్లీ అదే గుడ్డలో పోస్తాడు. మడ్డంతా గుడ్డలోని పాలవిరుగుడు పట్టేసుకుని, తెల్లారేసరికి కింద గిన్నెలో కొబ్బరినీళ్లకన్నా తేటగా ఉన్న రసం మిగులుతుంది. తీపీ, పులుపూ, దబ్బతొక్క వాసనా అన్నీ ఉంటాయి. చూడ్డానికి మాత్రం నీళ్లే.

"చేతులారా పాలు విరగ్గొట్టడమేంటండీ, ఇంటికి మంచిదా?" అనేది సీతారామలక్ష్మి.

"దేవుడి గదిలో చెయ్యట్లేదుగా," అనేవాడు ఆయన.

పెళ్లిళ్లలో ఎవరికీ అంత తేటరసం అక్కర్లేదు. ఎర్రగానో పచ్చగానో కనబడాలి, చల్లగా ఉండాలి. అయినా ఆయన నెలకోసారి ఒక సీసాడు చేసి, అటకమీద పెట్టుకునేవాడు. సాయంత్రాలు దాన్ని దీపానికెదురుగా పట్టుకుని చూసేవాడు. దాన్ని దేంట్లో కలపాలో ఆయనకి తెలుసు. కలిపిస్తే తాగి, బాగుందనే మనిషి లేడు.

ఆ మనిషి సీతారామలక్ష్మి తమ్ముడు శశిభూషణ్ అయ్యాడు.

శశిభూషణ్ ఒక ప్రభుత్వాఫీసులో గుమస్తా. దానవాయిపేటలో ఉండేవాడు. మెత్తటి మనిషి, గట్టిగా మాట్లాడితే బెదిరిపోయే రకం. ఆ ఏడే వాళ్లమ్మ పోయింది. అప్పట్నుంచీ నిద్రపట్టడం లేదని చెప్పుకునేవాడు. ఒక శనివారం సాయంత్రం, సీతారామలక్ష్మి గుడికి వెళ్లినప్పుడు వచ్చి, బావగారి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు.

"ఆఫీసులో వాళ్లు ఒక పెగ్గు వేసుకో, పడుకుంటావు అంటున్నారండి. మొన్న ప్రయత్నం చేశాను. ఆ వాసనకీ మంటకీ గొంతు దిగలేదు బావగారూ."

 సూర్యప్రకాశం లేచి, అటకమీద సీసా దించాడు. "ఎప్పుడైనా వోడ్కా తెస్తే చెప్పు. మంటలేకుండా ఎలా ఉంటుందో చూపిస్తాను," అన్నాడు.

ఆ పై శనివారం శశిభూషణ్ చేతిసంచిలో సీసాతో వచ్చాడు. సూర్యప్రకాశం స్టీలుగ్లాసులో ఐసు వేసి, కొలిచి పోసి, పొడుగు చెంచాతో ఎంతో నెమ్మదిగా తిప్పాడు. ఆ పని చేసి మూడేళ్లయినా చెయ్యి మర్చిపోలేదు. శశిభూషణ్ ఒక గుక్క తాగి గ్లాసులోకి చూశాడు. ఇంకో గుక్క తాగాడు.

"ఇందులో అసలు వోడ్కా వేశారా అండి?" అని అడిగాడు.

సూర్యప్రకాశం చాలాకాలం తర్వాత నవ్వాడు.

ఆ మర్నాడు శశిభూషణ్ ఫోన్ చేసి, రాత్రి హాయిగా నిద్రపట్టిందన్నాడు. అప్పట్నుంచీ ప్రతి శనివారం వచ్చేవాడు. ఆయన ఒక్క గ్లాసుకి మించి ఇచ్చేవాడు కాదు. కబుర్లకి మాత్రం కొలత ఉండేది కాదు. హోటల్లో ఏ విందుకి ఏం చేశాడో, ఏ దొర ఏమని మెచ్చుకున్నాడో అన్నీ చెప్పేవాడు. అలా ఒకరోజు మాటల్లో, రసంతోపాటు మందు కూడా ముందే కలిపేసి పాలల్లో పోస్తే ఏమవుతుందో చెప్పాడు.

"మంటంతా పాలే పట్టేసుకుంటాయి శశీ. ఎంత బలంగా ఉన్నా గొంతుకి తెలీదు. సీసాలో పోసి పెట్టుకుంటే నెలలు నిలవుంటుంది. పెద్ద పార్టీలకి అలాగే చేసేవాణ్ణి."

శశిభూషణ్ శ్రద్ధగా విన్నాడు. పాలెన్ని, రసమెంత అని అడిగాడు. సూర్యప్రకాశం అదీ చెప్పాడు. తన పనిమీద ఒక మనిషి అంత ఆసక్తి చూపడం ఆయనకి బాగుంది.

సంక్రాంతి వెళ్లాక శశిభూషణ్ రావడం తగ్గించాడు. ఫాల్గుణమాసం వచ్చేసరికి పూర్తిగా మానేశాడు. ఫోన్ చేస్తే ఆఫీసులో ఆడిట్ ఉందన్నాడు. తాగడం మానేశాడు కాబోలు, మంచిదే అనుకున్నాడు సూర్యప్రకాశం. మనసులో కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కూడా.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం శశిభూషణ్ భార్య అలేఖ్య వచ్చింది. వదినగారితో వంటింట్లో కూర్చుంది. సూర్యప్రకాశం పక్కగదిలో దబ్బకాయలు చెక్కుతున్నాడు. ఇద్దరి మాటలూ వినబడుతున్నాయి.

"వదినా, మా ఇంట్లో ఏదో బాలేదండి. పాలు విరిగిపోతున్నాయి."

"ఎండలు కదే. రెండుసార్లు కాచుకో."

"ఎండలు రాకముందు నుంచీనండి. ప్రతి ఆదివారం. నేను పొద్దున్నే పాపని తీసుకుని గుడికెళ్లొస్తానా, వచ్చేసరికి పాలు విరిగిపోయాయి, పారబోశాను అంటారు మీ తమ్ముడు. పాలు పోసే లోవలక్ష్మిని మాన్పించేశాను. పాపం, అది ఒట్లు పెట్టుకుంది. వేరేచోట తెచ్చుకుంటున్నాను. ఇప్పుడు ఆదివారమే కాదు, బుధవారం కూడా విరుగుతున్నాయి. పిఠాపురం వెళ్లి అమ్మవారికి కుంకుమపూజ చేయించాను. అయినా ఆగలేదు."

"పారబొయ్యడమెందుకే, కోవా చేసుకోవచ్చుగా?"

"నేనూ అదే అన్నానండి. అశుభం, ఇంట్లో ఉంచకూడదు అంటారు. ఆయనకి ఇలాంటివి పట్టింపే లేదు మొన్నటిదాకా. మనిషి కూడా అదోలా ఉంటున్నారు. పిలిస్తే పలకరు. నాకు భయమేస్తోంది వదినా."

పక్కగదిలో సూర్యప్రకాశం చేతిలోని చాకు ఆగిపోయింది. చెక్కిన తొక్క సగం కాయకే వేలాడుతోంది. ఆయన లేచి తలుపు దాకా వెళ్లాడు. లోపల సీతారామలక్ష్మి మరదలి వీపు నిమురుతూ, దిష్టి తియ్యమని చెబుతోంది. ఆయన గుమ్మం దాటలేదు. వెనక్కొచ్చి మళ్లీ కూర్చున్నాడు.

మర్నాడు సూర్యప్రకాశం శశిభూషణ్ వాళ్లాఫీసుకి వెళ్లాడు. టీ కొట్టు దగ్గర నిలబెట్టి, వారంలో ఎన్నిసార్లు చేస్తున్నావని సూటిగా అడిగాడు. శశిభూషణ్ ముందు ఏం చెయ్యడమన్నాడు. తర్వాత గ్లాసు బల్లమీద పెట్టాడు. 

"మీరు చేస్తే విద్య, నేను చేస్తే తప్పా బావగారూ?"

"నేను తాగను శశీ."

"మానేస్తానండి. పాప సెలవులవగానే మానేస్తాను. ఇప్పుడు ఒక్కసారిగా మానితే నిలబడలేకపోతున్నాను." గొంతు తగ్గించాడు. "అక్కతో అనకండి. అంటే ముందు వచ్చేది మీ పేరే."

సూర్యప్రకాశం ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రం చెబుదామనుకున్నాడు. సీతారామలక్ష్మి తులసికోట దగ్గర దీపం పెడుతోంది, అన్నం తిన్నాక చెబుదామనుకున్నాడు. అన్నం తిన్నాక ఆవిడే తమ్ముడి మాటెత్తింది. వాడికి చిన్నప్పట్నుంచీ భయమెక్కువ, మీరే కాస్త కనిపెట్టుకుని ఉండాలండి, అంది. ఆయన సరేనన్నాడు. ఆ తర్వాత ఇక చెప్పడానికి నోరు రాలేదు. అటకమీద సీసాలన్నీ దొడ్లో పారబోశాడు. ఆవిడ ఎందుకని అడిగితే బూజు పట్టాయన్నాడు.

మే నెల వచ్చింది. రాజమండ్రిలో మధ్యాహ్నం వీధుల్లో కాకి కూడా కనబడని ఎండలు. అలేఖ్య ఫోన్ చేసినప్పుడల్లా సీతారామలక్ష్మి రిసీవర్ పెట్టేసి ఏదో ఒకటి చెప్పేది. శశి రెండ్రోజులు ఆఫీసుకి వెళ్లలేదట. శశి బాత్రూంలో పడ్డాడట. ఒక రోజు, "శశి పాప పేరు మర్చిపోయి, నా పేరుతో పిలిచాడటండీ," అని నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయి భర్త మొహంలోకి చూసింది. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు భోజనం చేసి, చొక్కా వేసుకుని, ఎండలో ఆటో ఎక్కాడు. శశిభూషణ్ ఆఫీసులో ఉండే వేళ అది. అలేఖ్యకి అంతా చెప్పెయ్యాలని బయల్దేరాడు. దారిపొడుగునా మొదటి మాట ఎలా మొదలుపెట్టాలా అని చూసుకున్నాడు.

అలేఖ్య తలుపు తీసి, ఇంత ఎండలో వచ్చారేంటి అన్నయ్యగారూ అంది. ఫాను వేసింది. "ఉండండి, ముందు చల్లగా ఏదైనా తాగండి," అని ఫ్రిజ్ తెరిచింది. స్టీలుగ్లాసులో ఐసు చప్పుడు వినబడింది.

ఆయన గ్లాసు అందుకున్నాడు. దబ్బతొక్క వాసన. రసం తేటగా ఉంది, గ్లాసు అడుగు కనబడుతోంది. అంత బాగా తేర్చడం కొత్తవాళ్లకి సులువుగా రాదు. అలవాటుగా ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. మొదట ఏమీ తెలియలేదు. కాసేపటికి నాలుక వెనక వెచ్చదనం మొదలైంది.

"ఇదెక్కడిదమ్మా?"

"మీరిచ్చిందేనటగా అండి. ఆయన గ్యాస్ట్రిక్‌కి మందులా పనిచేస్తుందట, ఎవర్నీ ముట్టుకోవద్దంటారు. మీరొచ్చారని తీశాను."

"నువ్వు తాగావా?"

"నాకు పులుపు పడదండి. పాపే, ఎండకి ఒకటే ఏడుపు. ఇందాక ఒక గ్లాసు పోసిస్తే గడగడా తాగేసింది. బాగుందని ఇంకొంచెం అడిగి తాగి పడుకుంది. పాపం, మంచి నిద్రలో ఉంది."

గ్లాసు ఎక్కడ పెట్టాడో ఆయనకి తెలియదు. లోపలి గదిలో హర్షిత చాపమీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. ఆరేళ్ల పిల్ల. ఫాను తిరుగుతున్నా నుదుటినిండా చెమట. ఒళ్లు ముట్టుకుంటే చల్లగా ఉంది. పిలిచాడు. చెంపలు తట్టాడు. పిల్ల పెదాలు కదిపింది గానీ కళ్లు తెరవలేదు.

"అన్నయ్యగారూ, ఏమైందండి? పడుకుందండి అది, ఎందుకు లేపుతున్నారు?"

"అందులో మందుందమ్మా. సారా లాంటిది. పద, ఆటో ఆపు."

ఆవిడ అర్థంకానట్టు చూసింది. ఆయన పిల్లని భుజానికెత్తుకుని చెప్పులు వేసుకోకుండా వీధిలోకి నడిచాడు. కాలుతున్న రోడ్డుమీద ఆటో కోసం నిలబడ్డంతసేపూ పిల్ల తల ఆయన మెడమీద బరువుగా అటూ ఇటూ వాలిపోతూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు పిల్లకి ఒంట్లో షుగరు బాగా పడిపోయిందని గ్లూకోజు ఎక్కించాడు. ఎంత తాగింది, ఎంత బలమైనది అని అడిగితే, లెక్కకట్టి చెప్పగలిగినవాడు సూర్యప్రకాశం ఒక్కడే. డాక్టరు రాసుకుంటూ తలెత్తి, "మీకెలా తెలుసండి?" అన్నాడు. అలేఖ్య కూడా ఆయన వైపు తిరిగింది. అక్కడే, వార్డు గుమ్మం దగ్గరే, అంతా చెప్పాడు. ఆటోలో కూర్చుకున్న మాటలేవీ పనికి రాలేదు.

ఆవిడ ఏడవలేదు. "ఏప్రిల్‌లో నేను మీ ఇంటికొచ్చి చెప్పినప్పుడు మీరు పక్కగదిలోనే ఉన్నారు కదండీ," అంది.

"ఉన్నానమ్మా."

 ఆవిడ లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చుంది.

సాయంత్రానికి హర్షిత కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది. శశిభూషణ్ అప్పటికే వచ్చి, వరండాలో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. సీతారామలక్ష్మి వచ్చి, సంగతంతా విని, తమ్ముణ్ణీ భర్తనీ మార్చి మార్చి చూసి, ఇద్దర్నీ దాటుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు ఆవిడ ఇంట్లో వంట చేసింది, వడ్డించింది, భర్తతో అవసరమైన మాటలే మాట్లాడింది. ఆయన మళ్లీ దబ్బకాయ ముట్టుకోలేదు. ఒక మిఠాయి కొట్లో కౌంటర్‌లో కూర్చునే పని చూసుకున్నాడు.

అలేఖ్య పాలకొల్లులో పుట్టింటి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరి, పిల్లని అక్కడే చేర్పించింది. శశిభూషణ్ వర్షాకాలమంతా మందు ముట్టుకోలేదు. కార్తీకమాసంలో మళ్లీ మొదలుపెట్టాడని తెలిసింది. ఈసారి కార్డియల్ లేదు, ఐసు లేదు. ఒకప్పుడు గొంతు దిగదన్న సరుకే నీళ్లు కూడా కలపకుండా తాగుతున్నాడట. కొన్నాళ్లు మానడం, మళ్లీ తాగడం, అలా సాగింది.

పిల్లని చూడనివ్వమని శశిభూషణ్ కబురు పెడితే, అలేఖ్య ఒక షరతు పెట్టింది. అన్నయ్యగారు వెంట వస్తేనే, బయల్దేరింది మొదలు ఇల్లు చేరేదాకా పక్కనుంటేనే. సూర్యప్రకాశం ఒప్పుకున్నాడు. నెలకొక ఆదివారం ఇద్దరూ పాలకొల్లు బస్సెక్కుతారు.  శశిభూషణ్ కిటికీవైపు, ఆయన నడవావైపు. రావులపాలెంలో బస్సు ఆగినప్పుడు శశిభూషణ్ లేచి, "ఒక్క నిమిషం బావగారూ, దిగి వచ్చేస్తాను," అంటాడు. ఎందుకని ఆయన అడగడు. తనూ లేచి, వెనకే దిగుతాడు.