మేడ మీద ఒకరు, టీవీ ముందు ఒకరు

నౌషాద్ రోజూ ఉదయం సోమందేపల్లిలో తన అంగడి తెరవగానే టీవీ పెట్టి, శబ్దం పూర్తిగా తగ్గించేస్తాడు. బొమ్మ ఆడుతూ ఉంటుంది. అతను పనిలో కూర్చుంటాడు.

తొంభైల్లో హిందూపురం, పెనుకొండ చుట్టుపక్కల కేబుల్ వాళ్లకు పెద్ద డిష్షులు బిగించింది అతనూ, అతని స్నేహితుడు గంగాధరే. వాటిని అప్పట్లో అందరూ గొడుగులనేవాళ్లు. నౌషాద్ మేడ మీద నిలబడి గొడుగును వెంట్రుకవాసి తిప్పేవాడు. గంగాధర కింద టీవీ ముందు కూర్చుని అరిచేవాడు.

"వచ్చె! వచ్చె! ఆపురా... అయ్యో, పాయె! నీ చేతులు పడిపోను, ఎనక్కి తిప్పు!"

బొమ్మ కుదిరిందని వీధికంతా తెలిసేది ఆ కేకతోనే.

రెండువేల ఆరులో ఒక కొత్త కంపెనీ, కేబుల్‌తో పని లేకుండా ఇంటింటికీ చిన్న డిష్షులు ఇవ్వడం మొదలుపెట్టింది. హిందూపురంలో ఒక లాడ్జి గదే దాని తొలి ఆఫీసు. అక్కడి మేనేజరు నౌషాద్ చేతిలో చిన్న మీటరు పెట్టాడు. సిగ్నలు తగిలితే అది కూస్తుంది. "ఇంటికి ఒక మనిషి చాలు, రెండో మనిషిని కంపెనీ ఒప్పుకోదు" అన్నాడు. నౌషాద్ సరేనన్నాడు. గంగాధరకు రేపు చెబుదామనుకున్నాడు. మరుసటి రోజూ అలాగే అనుకున్నాడు.

చివరికి పెనుకొండ బజారులో రుక్మిణమ్మ అనే ఆవిడ చెప్పింది. "ఏమప్పా గంగాధరా, మా ఇంట్లో డిష్షు బిగించేదానికి నువ్వు రాల్యా? నౌషాదు ఒగడే వచ్చి పాయె."

ఆ సాయంత్రమే గంగాధర నౌషాద్ ఇంటికి వచ్చాడు.

"నాకు ఒగ మాట చెప్పల్లని అనిపించల్యా రా నీకు?"

"కంపెనీ రూలురా అది..."

"కంపెనీ నాకేమైనా దోస్తా? దోస్తువి నువ్వు గదా!"

నెల తిరక్కుండా గంగాధర ధర్మవరం వెళ్లి మరమగ్గాల షెడ్డులో చేరాడు.

తర్వాత కొన్నాళ్లకు నౌషాద్ చెన్నేకొత్తపల్లిలో ఒక వీధి మొత్తానికి డిష్షులు బిగించాడు. మీటరు కూయడం, బోల్టు బిగించడం, టీవీ చూడకుండానే పక్క మేడ ఎక్కడం. మీటరు కూసిన మాట నిజమే, కానీ కూసింది పక్కనున్న వేరే ఉపగ్రహానికి. మీటరుకు ఏ ఉపగ్రహమైనా ఒకటే. ఆ వీధిలో ఒక్క టీవీలోనూ బొమ్మ రాలేదు. జనం నోటికొచ్చినట్టు తిట్టారు. నౌషాద్ అటునుంచి అటే ధర్మవరం బస్సెక్కాడు.

మగ్గాల మోతలో అతని పిలుపు వినపడలేదు. దగ్గరికెళ్లి భుజం తట్టాడు.

"వచ్చేయ్ రా. కంపెనీతో నేను మాట్లాడతా. నువ్వు లేకుంటే కుదరదు."

గంగాధర నవ్వాడు. "ఆ మీటరునే పిల్చుకో పో అబ్బా. అదైతే అడక్కుండానే వచ్చె వచ్చె అంటాది."

టీ తాగించి, బస్సు దాకా వచ్చి సాగనంపాడు. ఆ మర్యాద కన్నా నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేదని నౌషాద్‌కు దారంతా అనిపించింది.

ఇప్పుడు అతను డిష్షులు బిగించడు. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తాడు. గంగాధర ధర్మవరంలోనే ఉన్నాడు. ఏ పెళ్లిలోనో కలిస్తే ఇద్దరూ ఒకరి ఆరోగ్యం ఒకరు అడిగి తెలుసుకుంటారు.