రెండో కీపర్

రెండో కీపర్ అంటే పనిలేనివాడని కాదు. పొద్దున్నే అందరికంటే ముందు మైదానానికి పోయి పీచు మ్యాట్ పరిచి, చుట్టూ మేకులు కొట్టాలి. ప్రాక్టీసులో బౌలర్లందరి బంతులూ పట్టాలి. మ్యాచ్ మొదలైతే డేరా కింద కూర్చుని నిమ్మకాయ నీళ్ళు కలపాలి. తిరుపతిలో కాలేజీకి, తర్వాత ఒక క్లబ్బుకి, చివరికి రేణిగుంట దారిలోని మిల్లుకి నేను చేసింది ఇదే. ఎక్కడికి పోయినా నాకంటే ఒక పిసరు బాగా పట్టేవాడు ముందే ఉండేవాడు. దానికి ఎవరిమీదా కోపం తెచ్చుకోలేదు. పిసరైనా తేడా తేడానే.

మిల్లులో ఆ మొదటివాడిది పలమనేరు. నా ఎత్తే, నా ఒళ్ళే. దూరం నుంచి ఇద్దరినీ వేరుచేసేవి అతని గ్లవ్స్. బెంగుళూరులో కొన్న ఆకుపచ్చవి, అలాంటివి మా వైపు ఇంకెవరికీ లేవు. ఇద్దరం క్రికెట్ కోసం తీసుకున్న టెంపరరీ గుమాస్తాలమే. ఎనభైల మొదట్లో ఒక ఏడాది, ఇద్దరిలో ఒకరినే పర్మనెంట్ చేస్తారని, రెండోవాడు ఇంటికి పోవాల్సిందేనని తెలిసింది. ఎవరుంటారో అడగాల్సిన పనిలేదు. నేను నాయనకు చెప్పకుండా వేరే పని వెతుక్కోవడం మొదలుపెట్టాను.

అంతలో చిత్తూరు టోర్నమెంటు సెమీఫైనల్లో పలమనేరాయన వేలు విరిగింది. ఫైనల్లో కీపింగ్ నాకు వచ్చింది.

మాది మడి, ఆచారం ఉన్న వైష్ణవుల ఇల్లు. నాయన కొండమీద గుడిలో పనిచేసేవాడు. తోలు వస్తువు గడప దాటి లోపలికి రాకూడదు గనుక నా గ్లవ్స్ ఏళ్ళ తరబడి వీధి పంచలో కొక్కేనికి వేలాడేవి. అమ్మ వాటిని ఏనాడూ తాకలేదు. అలాంటిది, నేను ఫైనల్ ఆడుతున్నానని తెలిసి, శనివారం నేను మిల్లుకు పోయాక వాటిని కుంకుడురసంతో ఉతికి, పసుపునీళ్ళు చల్లి, మిద్దెమీద ఎండలో ఆరేసింది. మర్నాడు తీసి చూస్తే అప్పడాల్లా ఉన్నాయి. వేళ్ళు వంగవు.

"మైల పోవాలని కడిగినా నాయనా. స్వామి దయ ఉండాది, బాగా ఆడతావు పో," అంది. ముట్టుకున్నందుకు తలస్నానం కూడా చేసిందట. ఆమెను ఏమనగలను?

చిత్తూరులో డేరా కింద పలమనేరాయన చేతికి కట్టుతో కూర్చుని ఉన్నాడు. నా గ్లవ్స్ వంచబోయి పడీపడీ నవ్వాడు. "వీటిని నూనెలో ఏయించుకొని తిందామప్పా," అంటూ తన ఆకుపచ్చవి నా ఒళ్ళో పడేశాడు.

ఆ రోజు పట్టినట్టు నేను ముందూ పట్టలేదు, తర్వాతా పట్టలేదు. గెలిచాం. మిల్లు మేనేజరు అవతలి షామియానాలోంచి చూసి, ప్రైజులు ఇవ్వకముందే కారెక్కి పోయాడు.

సోమవారం కబురొచ్చింది. ఆకుపచ్చ గ్లవ్స్ కీపర్‌ని పర్మనెంట్ చేస్తున్నాం, పంపించండి అని. అవి ఎవరివో మిల్లంతటికీ తెలుసు. కెప్టెన్ పలమనేరాయన్ని పంపాడు. నేను మేనేజరు పక్కగదిలోనే ఉన్నాను. లేచి పోయి చెబుదామా అనుకుంటుండగానే అతని గొంతు వినబడింది.

"నిన్న నిలబడింది నేను కాదు సార్. నా గ్లవ్స్ ఏసుకొని ఆయప్ప ఆడినాడు."

"మరి నీ సంగతి?" అన్నాడు మేనేజరు.

"అది మీరే సూడాల సార్."

మేనేజరు చూడలేదు. ఆర్డరు నాకు వచ్చింది. నెల తిరక్కుండా పలమనేరాయన పాల వ్యాపారం చేసుకుంటానని ఊరికి బయలుదేరాడు. బస్టాండుకు నేనూ పోయాను.

"ఎందుకు చెప్పినావు? నోరు మూసుకొని ఉంటే సరిపోయేది కదా," అని అడిగాను. నిజంగా కోపంగానే అడిగాను.

"ఎట్ల ఊరుకునేదబ్బా? కాళ్ళ పక్కన పోయే బంతిని ఎడమచేత్తో పట్టినావే, అది నాకు వచ్చేది కాదు," అన్నాడు.

అతను లేకపోతే తప్ప మొదటివాణ్ణి కాలేనని అన్నేళ్ళూ అనుకున్నాను. అతను డేరాలో కూర్చుని చూస్తుండగానే ఆ ఒక్కరోజు అయ్యానని తెలిసేసరికి బస్సు కదిలింది. నాకు ఏడుపొచ్చింది.