మడతలో చెరిగిన నది

మా మ్యాపుల ఆఫీసులో చిరిగిన పటాలకు వెనక గుడ్డ అతికించే ఆయన్ని అందరం జిగురు మావయ్య అంటాం. నోట్లో నాలుక లేని మనిషి. "పెదాలకి కూడా జిగురు రాసుకున్నారా మావయ్యా?" అని ఏడిపించేదాన్ని.

పోయినేడు కొండల మధ్య నదిలోయ పాత పటం ఒకటి ఆయన బల్లమీదికొచ్చింది. వందేళ్ల కిందటిది. ఆ తర్వాత నది పక్కకి జరిగింది, అది వదిలిన నేలమీద ఇళ్లు లేచాయి. వరదొస్తే నది మళ్లీ పాత దారే పడుతుందని, ఆ దారిలోని ఇళ్లన్నీ తీయించాలని పైవాళ్ల నిర్ణయం. కొండల ఎత్తులు చూపే గీతలు చక్కగానే ఉన్నాయిగానీ, నడిమి మడత అరిగి నది నీలిగీత అక్కడ చెరిగిపోయింది. సరిగ్గా ఆ మడతలోనే మావయ్య చెల్లెలి ఇల్లు. ఆధారం లేదు కాబట్టి దాని జోలికి ఎవరూ పోలేదు.

అరిగిన గీతను మళ్లీ గీయకూడదు, అది ఆయన పనిలో నియమం. కానీ వెనకున్న పాత గుడ్డ ఊడదీస్తే, కాగితంలోకి ఇంకిన నీలిచార కనబడింది. చెల్లెలి ఇంటి మీదుగానే పోతోంది. కొత్త గుడ్డ అతికిస్తే కప్పబడిపోతుంది. అది ఆయన రోజూ చేసే పనే.

బ్రష్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. గిన్నెలో జిగురు గడ్డకట్టింది. చివరికి వెళ్లి ఆఫీసర్ని పిలుచుకొచ్చాడు. నాకు ఒళ్లు మండింది.

"చూసీ చూడనట్టు ఊరుకుంటే మీ సొమ్మేం పోయింది?"

"నీళ్లొస్తే పోయేది నా చెల్లెలమ్మా."

ఇల్లు కూల్చిన రోజు ఆమె ఆఫీసుకొచ్చి మా అందరి ముందే ఆయన్ని నిలదీసింది. "మీ బావ పోయాక నాకు మిగిలింది ఆ నాలుగ్గోడలే. కాగితం మీది మరక చూసి తోడబుట్టినదాన్ని రోడ్డున పడేశావు. నువ్వు నా అన్నవి కావు."

వానాకాలం వచ్చింది. నది తన దారిన తాను బుద్ధిగా పారుకుంటూ పోయింది. ఆమె ఇరుకు అద్దెగదిలో ఉంటోంది. ఈయన తలుపు తడితే తీయదు.

మళ్లీ వానలు మొదలయ్యాయి. మావయ్య కిటికీ వదలడం లేదు. నిన్న టీ ఇస్తుంటే నావైపు చూడకుండా అన్నాడు.

"ఆ లోయలో ఇంకా ఎందరున్నారో నాకు తెలుసమ్మా. పిల్లలున్నారు, ముసలాళ్లున్నారు. అయినా పొద్దున్నే లేచి, వరద రావాలనే కోరుకుంటున్నాను."