మూతలో కూర

మా మేనత్త యాదమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపమే లేకపోతే ఈపాటికి పని మానేసి మిర్యాలగూడలో ఏ మూలనో ముడుచుకుని ఉండేది. అందుకే నాకు ఆ కోపమంటే ఇష్టం.

ఆమె పనిచేసేది రైస్ మిల్లులో. వడ్లు ఊడుస్తుంది, తవుడు బస్తాలకెత్తుతుంది. మధ్యాహ్నం ఆడవాళ్లంతా రేకుల షెడ్డు కింద గుండ్రంగా కూర్చుంటారు. అక్కడో పద్ధతుంది. టిఫిన్ తెరవగానే ఎవరూ తినరు. మూత తిరగేసి ముందు పెట్టుకుంటారు. అందరి కూరలూ అందరి మూతల్లోకి కొంచెం కొంచెం చేరాకే మొదటి ముద్ద. ఇంట్లో కూర వండని రోజు కూడా ఎవరి మూతా ఖాళీగా ఉండదు. ఇక మా అత్త చింతచిగురు, ఎండు రొయ్యలు తెచ్చిందంటే ఆమెకు మిగిలేది అడుగున అంటుకున్నదే.

పోయిన చలికాలం ఆమెకు దగ్గు పట్టుకుంది. ఎంతకీ తగ్గలేదు. మనిషి సగమైంది. వీధి చివర సూదులు వేసే ఆయన, పరీక్ష లేదు పాడు లేదు, "టీబీ లెక్కనే ఉన్నది" అనేశాడు. ఆ మాట మిల్లంతా పాకింది. మరునాడు అత్త కూర వెయ్యబోతే పక్కనున్న జానమ్మ మూత వెనక్కి లాక్కుంది. ఆమెను చూసి అందరూ లాక్కున్నారు. మేస్త్రీ త్రివేణి సగానికి కోసిన ప్లాస్టిక్ సీసా తెచ్చిచ్చి, "నీళ్లు గిండ్ల తాగు యాదమ్మా, ఏమనుకోకు" అంది.

ఏమనుకోకుండా ఎట్లా ఉంటారండీ? ఏళ్ల తరబడి ఒకరి కూర ఒకరు తిన్నవాళ్లు! వింటుంటే నాకే ఒళ్లు మండిపోయింది.

అత్త సూర్యాపేటలో మా ఇంటికి వచ్చేసింది. నేనే సర్కారు దవాఖానకు తీసుకెళ్లాను. తెమడ పరీక్ష చేశారు, ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ తేల్చి చెప్పింది. టీబీ కాదు, దుమ్ముకు ఊపిరి గొట్టాలు వాచాయి. పీల్చే మందు రాసి, పనిలో ముక్కుకు గుడ్డ కట్టుకోమంది.

అత్త కుర్చీలోంచి లేవలేదు. "మేడం, నాకు టీబీయే ఉన్నదనుకో. నా కూర తింటే అంటుకుంటదా?"

"కూరతో, గిన్నెలతో అంటుకోదమ్మా. దగ్గితే గాలిలో వస్తుంది. నోటికి అడ్డం పెట్టుకుని, మందులు సరిగ్గా వాడితే నయమైపోతుంది."

"గంతే గదా," అని లేచింది. టీబీ కాదన్నప్పుడు కూడా ఆమె మొహంలో అంత ధీమా లేదు.

మళ్లీ పనికి వెళ్లిన రోజు నేనూ తోడు వెళ్లాను. కబురు అప్పటికే చేరిపోయింది. అన్నాల వేళకు త్రివేణి జరిగి చోటిచ్చింది. "రా యాదమ్మా, నీకేం లేదంట గదా! నీ కూర లేక నోరు సచ్చిపోయింది."

అత్త కూర్చోలేదు. గోడ వైపే చూస్తోంది. అక్కడ జానమ్మ ఒక్కతే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. పక్కనే ఆ కోసిన సీసా.

అత్త నేరుగా వెళ్లి ఆమె పక్కన చతికిలబడింది. జానమ్మ తలెత్తలేదు.

"నువ్వు మూత గుంజుకున్నది నేను మర్సిపోలే," అంది అత్త. "ఎన్నటికీ మర్సిపోను. ఇగ మూత దియ్యి."

"వద్దక్కా. నాకేమున్నదో ఏమో."

"ఉంటే మందులు మింగుతవు. లేకుంటే నా లెక్క దుమ్ముతోని కొట్లాడుతవు. రేపు దవాఖానకు నేనే తోల్కపోత. ఇయ్యాల మాత్రం తింటవు."

మూత తనే తీసి చింతచిగురు వేసింది. జానమ్మ ఏడ్చింది. అత్త ఓదార్చలేదు. ఆమె టిఫిన్‌లోని పప్పు తన మూతలోకి వంపుకుంది.

త్రివేణికి కోపమొచ్చింది. "మేం పిలుస్తుంటే గాడ కూసుంటవేందే?"

"నాకు టీబీ లేదని పిలుస్తున్నవు. ఉన్నా పిలవాలె త్రివేణీ. నా కూర కావల్సినోళ్లు గీడికి రాండ్రి. నేనైతే గాడికి రాను."

ఎవరూ కదల్లేదు. అత్త ఆ సీసా తీసి గోడ అవతలికి విసిరేసింది. తన చెంబు జానమ్మకిచ్చి, ఆమె తాగాక మిగిలిన నీళ్లు తను తాగింది.