బయ్యన్న చదివిన విమానం కాగితం

మా బయ్యన్నకు ఒకటే జబ్బు. ఎక్కడ రాత కనబడినా గొంతెత్తి చదవందే అడుగు ముందుకు వేయడు. కదిరి బస్టాండులో ఆయన "ఇచ్చట ఉమ్మివేయరాదు" అని అరిచిన అరుపుకు, పక్కనున్న పెద్దమనిషి నోట్లోని వక్కాకు గుటుక్కున మింగేశాడు. బస్సెక్కితే "చేతులు బయట పెట్టరాదు" మొదలుకొని డ్రైవరు వెనకున్న ఫిర్యాదుల నంబరు దాకా ఏదీ వదిలేవాడు కాదు.

"ఏమప్పా, మాకు కండ్లు లేవా?" అని విసుక్కునేవాణ్ణి.

"ఉంటే ఉండనీలే. రాసినోడు ఊరికే రాసింటాడా?" అనేవాడు.

2005లో మా వేరుశెనగ రైతుల సంఘం తరఫున పదిమందిమి ఏదో సదస్సుకని బెంగళూరులో ఢిల్లీ విమానమెక్కాం. అందరికీ అదే మొదటిసారి. ట్రావెల్స్ వాళ్ళు నియమాలన్నీ తెలుగులో అచ్చేసి తలా ఒక కాగితం ఇచ్చారు. ఇంకేముంది, బయ్యన్నకు పండగే! "తలుపులు మూసిన తరువాత సెల్‌ఫోన్లు, రేడియోలు ఆపివేయవలెనూ!" అని అందుకున్నాడు. ముందు వరసలో సూట్లు వేసుకున్నవాళ్ళు, తెలుగు ముక్క రాకపోయినా, హడలిపోయి ఫోన్లు ఆపేశారు. ఎయిర్ హోస్టెస్ వచ్చి దండం పెట్టింది. ఆమె చొక్కా మీది పేరు కూడా చదివేశాడు.

తిరుగు ప్రయాణానికి ఢిల్లీ చలి మమ్మల్ని కాపాడింది. బయ్యన్న గొంతు పూర్తిగా పూడిపోయింది.

"అబ్బ, ఎంత నెమ్మదిగా ఉండాది!" అన్నాడు మా పదిమందిలో ఒకడైన సుంకన్న. అందరం నవ్వాం.

విమానం తలుపులు మూశారు. మా సంఘం అధ్యక్షుడు నాగప్ప జేబులోంచి చిన్న రేడియో తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అరవై దాటిన మనిషి. ఊళ్ళో ఆయన మాటకు ఎదురు లేదు.

"పెద్దాయనా, ఆపు! కాగితంలో రాసినారు గదా" అన్నాడు సుంకన్న.

"యాడ రాసినారు?"

"నీ చేతిలోనే ఉండాది. అందరికీ ఇనబడేట్టు సదువు, చూద్దాం!"

సరదా పుట్టి మిగతావాళ్ళు కూడా "సదువు, సదువు" అన్నారు. నాగప్ప రేడియో ఆపాడు. అద్దాలు ముక్కు మీదే ఉన్నా, వాటికోసం జేబులన్నీ తడుముకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది.

నాకూ నాగప్పకూ మధ్య కూర్చున్న బయ్యన్న నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. లేవబోతే సీటు బెల్టు వెనక్కి గుంజింది. ఆఖరికి నాగప్ప చేతిలోని కాగితం లాక్కొని, నా ఒళ్ళో పడేసి, డొక్కలో మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు. బయ్యన్న కళ్ళలోని బతిమాలుడు చూశాక గానీ నా బుర్రకు ఎక్కలేదు.

నాగప్పకు చదువు రాదు! బస్టాండులోనూ, బస్సులోనూ బయ్యన్న పక్కన ఎప్పుడూ ఉండేది ఆయనే. ఆయన ఎవరినీ నోరు తెరిచి అడిగే అవసరం రాకుండా బయ్యన్న ఇన్నేళ్ళూ మా అందరి చేతా పిచ్చోడనిపించుకున్నాడు. నాకు సిగ్గేసింది.

"తలుపులు మూసిన తరువాతా..." అని గొంతెత్తాను. కాగితం చివరున్న ప్రెస్సు చిరునామాతో సహా మొత్తం చదివేశాను.

సుంకన్న తల పట్టుకున్నాడు. "ఓరి దేవుడా! ఒగనికి గొంతు పోతే ఇంగొగనికి అంటుకునిందే!"

నాగప్ప మెల్లగా రేడియో జేబులో పెట్టుకుని, "బాగా సదివినావప్పా" అన్నాడు.

బయ్యన్నకు మాత్రం తృప్తి కలగలేదు. మళ్ళీ డొక్కలో పొడిచి, మరుగుదొడ్డి తలుపు మీది బోర్డు చూపించాడు. అదీ చదివాను. బెంగళూరులో దిగేసరికి నా డొక్క వాచిపోయింది.